నీళ్లు వేడిని మోస్తాయి, మింగవు: మా మొదటి వాటర్ కూలింగ్ సామాను లెక్క



మన గ్రూపులో ఎక్కువగా స్కాలర్‌షిప్పులు, హాస్టల్ సీట్లు, నోటిఫికేషన్ల గురించి రాసుకుంటాం. ఇది కొంచెం వేరే సంగతి. కంప్యూటర్‌ను నీళ్లతో చల్లబరిచే ఏర్పాటు మేం మొదటిసారి సొంతంగా చేసుకున్నాం. బిగించడానికి పట్టింది రెండు రోజులే. ఏ సామాను కొనాలో తేల్చుకోవడానికి మాత్రం నెలన్నర పట్టింది. ఆ నెలన్నరలో తెలుసుకున్నదంతా ఇక్కడ పెడుతున్నాం. పోస్టు పొడుగ్గానే ఉంటుంది, సేవ్ చేసుకుని తీరిగ్గా చదవండి.

మేం ఐదుగురం. ఇద్దరిది ఉట్నూరు వైపు, ఇద్దరిది భద్రాచలం ఏజెన్సీ, ఒకరిది ఏటూరునాగారం. హైదరాబాద్‌లో ఒక బిల్డింగు పై అంతస్తులో పక్కపక్క రూముల్లో అద్దెకుంటున్నాం. చదువుకుంటూనే పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసి రూము కిరాయి, పరీక్ష ఫీజులు వెళ్లదీసుకుంటున్నాం. రాత్రి ఖాళీ దొరికితే గోండి, కోయ భాషల్లో చిన్న పిల్లలకు బొమ్మల కథలు బ్లెండర్‌లో చేస్తుంటాం. అందరికీ కలిపి ఉన్నది ఒక్కటే కంప్యూటర్.

పెళ్లిళ్లు ఎక్కువగా ఉండేది ఏప్రిల్, మే నెలల్లో. మాకు పని దొరికే నెలలు అవే, మిషన్ వేడికి చచ్చే నెలలూ అవే. పైన ఎండకు కాలిన స్లాబు, కింద మేం. మధ్యాహ్నం రూములో 39 డిగ్రీలు మామూలు.

కిందటేడు మా సీనియర్ అన్న ఒకాయన ఉద్యోగం వచ్చి ఊరు మారుతూ తన పాత ఆర్‌టీఎక్స్ 3080 కార్డును మాకు ఊరికే ఇచ్చాడు. ఆయన దాని గాలి కూలర్ తీసేసి ఎప్పుడో వాటర్ బ్లాక్ బిగించుకున్నాడు. పాత కూలర్ ఇప్పుడు లేదు. అంటే కార్డు వాడాలంటే నీళ్ల ఏర్పాటు చేసుకోవాలి, లేదంటే అట్టపెట్టెలో దాచుకోవాలి. కూలర్ లేని కార్డు అమ్ముదామన్నా అడిగేవాళ్లు తక్కువ.

ఖర్చు లెక్క వేసేసరికి మాలో ఒక చెల్లె అడ్డం తిరిగింది. "తలా ఆరు వేలు అంటే ఇంట్లోవాళ్లు ఎండలో తునికాకు కోసి కట్టలు కట్టిన డబ్బు. పైపు కారిందంటే కార్డు, బోర్డు అన్నీ పోతాయి. ఒక్కొక్క సామాను ఖరాబైతే ఎవరు బాగుచేస్తారు, ఎంతలో అవుతుంది? అది చెప్పండి, తర్వాత కొందాం" అన్నది. కట్టకు 50 ఆకులు, తెల్లారకముందే అడవిలోకి వెళ్లాలి. ఆ లెక్క మాకందరికీ తెలిసిందే కాబట్టి ఎవరం ఎదురు మాట్లాడలేదు. ఆ ప్రశ్ననే తూకంరాయిగా పెట్టుకుని ప్రతి సామానూ తూచాం. మీరూ అలాగే చేయండని చెప్పడానికే ఈ పోస్టు.

మొదట ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి

నీళ్లు వేడిని మోస్తాయి, మింగవు. చిప్ దగ్గర పుట్టిన వేడిని నీళ్లు ఎత్తుకుని రేడియేటర్ దాకా తీసుకుపోతాయి. అక్కడ ఫ్యాన్లు దాన్ని రూములోకి ఊదేస్తాయి. అంతే. రూములో 39 ఉంటే లూపులోని నీళ్లు 39 కంటే చల్లగా ఎప్పటికీ ఉండవు, పని జరుగుతున్నంతసేపు పది డిగ్రీలో పన్నెండు డిగ్రీలో ఎక్కువే ఉంటాయి. "వాటర్ కూలింగ్ పెడితే రూము కూడా చల్లబడుతుందా?" అని చాలామంది అడిగారు. చల్లబడదు. కార్డు 270 వాట్లు తింటే ఆ 270 వాట్ల వేడీ రూములోకే వస్తుంది.

మరి లాభమేంటి? గాలి కూలర్ అయితే కార్డు మీదున్న కాస్త జాగాలోనే వేడిని వదలాలి. నీళ్లయితే దాన్ని మోసుకెళ్లి అంతకంటే చాలా పెద్ద రేడియేటర్ మీద పరిచి వదలొచ్చు. ధాన్యం కుప్పగా పోస్తే ఎండదు, కళ్లంలో పలుచగా పరిస్తే ఎండుతుంది కదా, ఇదీ అలాంటిదే.

ఇంకో లెక్క చూడండి. ఒక లీటరు నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 4,200 జౌళ్లు కావాలి. 270 వాట్ల కార్డు ఆ పని పదిహేను సెకన్లలో చేసేస్తుంది. రేడియేటర్ లేకుండా లీటరు నీళ్లను ఊరికే తిప్పితే 30 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు ఎనిమిది నిమిషాల్లో చేరతాయి. అందుకే పెద్ద ట్యాంకు కొనడం వల్ల ఒరిగేదేమీ లేదు. చల్లబరిచేది రేడియేటర్, ట్యాంకు కాదు.

దేన్ని నీళ్లలో పెట్టాలి, దేన్ని వదిలేయాలి

యూట్యూబులో చూస్తే ప్రాసెసర్, కార్డు రెండింటికీ బ్లాకులు, రెండు మూడు రేడియేటర్లు, రంగు నీళ్లు. మా ప్రాసెసర్ రైజెన్ 5 5600, 65 వాట్లది. దానికి గాలి కూలరే బాగా సరిపోతోంది. దాన్ని ముట్టుకోలేదు. లూపులో కార్డు ఒక్కటే. బ్లాకు ఒకటి తగ్గితే రెండు ఫిట్టింగులు, కొంత పైపు, కారడానికి అవకాశమున్న రెండు జాగాలు తగ్గినట్టే. మొదటిసారి చేసేవాళ్లకు మేం చెప్పేది ఇదే: ఎక్కువ వేడి పుట్టే ఒక్కదానితో మొదలుపెట్టండి.

కార్డు బ్లాకు కొత్తగా కొనేవాళ్లు ఒక్కటి చూసుకోవాలి. 3080 అని పేరు ఒకటే ఉన్నా కంపెనీని బట్టి, మోడల్‌ను బట్టి లోపలి బోర్డు మారిపోతుంది. ఒకదాని బ్లాకు ఇంకోదానికి పట్టదు. డబ్బా మీద పేరు చూసి కొనొద్దు, మీ కార్డు పూర్తి మోడల్ నంబరు బ్లాకు జాబితాలో ఉందో లేదో చూసి కొనండి.

మాది వాడిన బ్లాకు కాబట్టి విప్పి చూశాం. రాగి పలక మీద వెంట్రుకంత సన్నటి గాళ్లు ఉంటాయి, వాటిలో పాత పాచి పట్టి ఉంది. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు కడిగే సబ్బు, పాత టూత్ బ్రష్‌తో కడిగాం. పైమూత అక్రిలిక్‌ది అయితే దానికి స్పిరిట్ తగలనీయొద్దు, పగుళ్లు వస్తాయి. రబ్బరు రింగు ఎండిపోయిందా, నొక్కుకుపోయిందా అని చూసుకోవాలి. థర్మల్ ప్యాడ్లు, పేస్టు మార్చాం. 3080లో మెమరీ చిప్పులు బాగా వేడెక్కే రకం, 110 డిగ్రీల దగ్గర అవే వేగం తగ్గించుకుంటాయి. ప్యాడ్ మందం అర మిల్లీమీటరు తేడా వచ్చినా అటు మెమరీకైనా తగలదు, ఇటు చిప్‌కైనా సరిగ్గా ఆనదు. బ్లాకుతో వచ్చిన కాగితంలో ఏ మందం రాసి ఉంటే అదే కొనాలి.

రేడియేటర్: సిల్వర్ గిన్నె, రాగి చెంబు

మన ఇళ్లల్లో సిల్వర్ గిన్నెలు అంటాం కదా, అది నిజానికి అల్యూమినియం. బ్లాకు రాగిది, రేడియేటర్ అల్యూమినియందైతే రెండింటి మధ్య నీళ్లు బ్యాటరీలాగా పనిచేసి అల్యూమినియాన్ని మెల్లగా తినేస్తాయి. లోపల గార పేరుకుంటుంది, కొన్నాళ్లకు చిల్లు పడుతుంది. కాబట్టి రాగి, ఇత్తడి రేడియేటర్ మాత్రమే. ఫిట్టింగులు కూడా ఇత్తడివే, పైన నికెల్ పూత ఉన్నవి. తక్కువ ధరలో వచ్చే కిట్లలో అల్యూమినియం ఎక్కువగా ఉంటుంది, అడిగి తెలుసుకోండి.

సైజు సంగతి. ఫ్యాన్లు చప్పుడు చేయకుండా తిరగాలంటే ఒక్కో 120 మి.మీ. ఫ్యాన్ జాగాకు సుమారు 100 వాట్లు అని అనుభవజ్ఞులు ఒక అంచనా చెప్తారు. మా కార్డు ఫ్యాక్టరీ లెక్కన 320 వాట్లది. పవర్ లిమిట్ 270కి దించాం, దాంతో మా ఎడిటింగ్ వేగం తగ్గింది కొద్దిగానే. మూడు ఫ్యాన్ల 360 రేడియేటర్ ఒక్కటి సరిపోయింది. ఇది ఖర్చు లేకుండా వచ్చిన చల్లదనం. రెండో రేడియేటర్ కొనేముందు పవర్ లిమిట్ దించి చూడండి.

360 అంటే క్యాబినెట్‌లో 360 మి.మీ. జాగా చాలనుకోవద్దు. రెండు చివర్లా నీళ్ల గదులుంటాయి, మొత్తం పొడవు 400 మి.మీ. దాకా వస్తుంది. మందం 30, ఫ్యాన్ 25, కలిపి 55 మి.మీ. కావాలి. టేపుతో కొలిచి, అట్టముక్కను అదే సైజుకు కత్తిరించి క్యాబినెట్‌లో పెట్టి చూశాకే కొన్నాం. సన్నటి రెక్కలు మరీ దగ్గర దగ్గరగా ఉన్న రేడియేటర్‌కు గట్టిగా తిరిగే ఫ్యాన్లు కావాలి, పైగా దుమ్ము తొందరగా ఇరుక్కుంటుంది. మా వీధి దుమ్ముకు రెక్కలు కాస్త ఎడంగా ఉన్నదే మేలనుకున్నాం. ఫ్యాన్లు కూడా స్టాటిక్ ప్రెజర్ ఎక్కువున్న రకం తీసుకున్నాం, ఎందుకంటే అవి రెక్కల సందుల్లోంచి గాలిని నెట్టాలి.

పంపు: ఇక్కడ పీనాసితనం వద్దు

పంపుల్లో డి5, డీడీసీ అని రెండు రకాలు ఎక్కువగా దొరుకుతాయి. డీడీసీ చిన్నది, ఒత్తిడి ఎక్కువ, కానీ వేడెక్కుతుంది. డి5 కొంచెం పెద్దది, చప్పుడు తక్కువ. మేం ట్యాంకుతో కలిసొచ్చే డి5 తీసుకున్నాం. ఈ పంపులు నీళ్లను పీల్చుకోలేవు, నీళ్లు పైనుంచి వాటంతట అవే పంపులోకి దిగాలి. అందుకే ట్యాంకు పైన, పంపు కింద. నీళ్లు లేకుండా క్షణం కూడా తిప్పకూడదు.

డి5లో నీళ్ల వేడికి హద్దు 60 డిగ్రీలు. మా రూముకు ఇది ముఖ్యమైన అంకె. రూము 39, నీళ్లు 51 అంటే హద్దుకు మధ్య మిగిలింది తొమ్మిది డిగ్రీలే. అందుకే 600 రూపాయలు పెట్టి నీళ్ల వేడి చూపించే సెన్సర్ కూడా కొన్నాం. అది బిగించడానికి మదర్‌బోర్డులో రెండు పిన్నుల జాగా ఉండాలి, ముందే చూసుకోండి. ఫ్యాన్ల వేగాన్ని దానికి కట్టేశాం. నీళ్లు 55 దాటితే రెండర్ ఆపి, తలుపులు తీసి, అరగంట ఆగుతాం. పంపు వేగం చెప్పే తీగ బోర్డుకు తగిలించాం, పంపు ఆగితే హెచ్చరిక వస్తుంది.

పైపులు, ఫిట్టింగులు

గాజులాగా మెరిసే గట్టి పైపులు ఫోటోల్లో బాగుంటాయి. వాటిని వంచడానికి హీట్ గన్ కావాలి, చెయ్యి తిరగాలి, ఒక్క ముక్క పోతే మళ్లీ కొనాలి. పైగా పెట్‌జీ రకం పైపు 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, మా మే నెలకు అది పనికిరాదు. మెత్తటి పైపుల్లో చవకరకం పారదర్శకమైనవి కొన్నాళ్లకు మసకబారి, వాటిలోంచి జిగురులాంటిది ఊరి బ్లాకు గాళ్లలో ఇరుక్కుంటుంది. నల్లటి ఈపీడీఎం రబ్బరు పైపు తీసుకున్నాం. అందం లేదు, కత్తెరతో కోయొచ్చు, ఎవరైనా మార్చగలరు. చెల్లె ప్రశ్నకు అన్నిటికంటే బాగా జవాబు చెప్పిన సామాను ఇదే.

ఫిట్టింగుల మర మాత్రం దాదాపు అన్నిచోట్లా ఒకటే, జి 1/4 అంటారు. పైపు వైపు కొలత మారుతుంది. మాది 10/16, అంటే లోపల 10, బయట 16 మి.మీ. 12/16 ఫిట్టింగు కూడా బయటికి అలాగే కనిపిస్తుంది, 10 మి.మీ. పైపు దాని మీద సరిగ్గా కూర్చోదు. రెండు అంకెలూ కలవాలి. ఒకే కంపెనీవి తీసుకుంటే ఇంకా మంచిది.

కాగితం మీద బొమ్మ గీసి లెక్కపెట్టండి. కార్డుకు రెండు, రేడియేటర్‌కు రెండు, పంపు ట్యాంకుకు రెండు, మొత్తం ఆరు. పైపు మడత పడకుండా 90 డిగ్రీల తిరిగే ముక్కలు రెండు. అన్నిటికంటే కింది చోట ఒక టీ ముక్క, ఒక చిన్న వాల్వు. ఈ వాల్వును చాలామంది దండగనుకుని వదిలేస్తారట. ఏడాదికోసారి నీళ్లు మార్చాలి. అది లేకపోతే పైపు ఊడబీకి బోర్డు మీద పోసుకోవాల్సిందే. చెరువుకు తూము ఎలాగో లూపుకు వాల్వు అలాగ.

ఏది ముందు, ఏది తర్వాత అని వరుస గురించి కూడా చాలా వాదించుకున్నాం. నిమిషానికి నాలుగు లీటర్ల దాకా పారితే 270 వాట్లకు కార్డు ముందు నీళ్లకు, కార్డు దాటిన నీళ్లకు ఒక్క డిగ్రీ మాత్రమే తేడా వస్తుంది. కాబట్టి పైపు పొట్టిగా, మడత లేకుండా ఎలా వస్తే అలా బిగించుకోండి. ట్యాంకు కిందనే పంపు ఉండాలన్న ఒక్క నియమం తప్పొద్దు.

ఏ నీళ్లు

బోరు నీళ్లు వద్దు, గార కడుతుంది. తాగే ప్యూరిఫైడ్ నీళ్లూ వద్దు, వాటిలో ఇంకా లవణాలుంటాయి. డిస్టిల్డ్ వాటర్, అందులో తుప్పు పట్టకుండా, నాచు పెరగకుండా కలిపే మందు. లీటరు చాలు. రంగు నీళ్లలో మెరుపు పొడి ఉన్నవి అడుగున పేరుకుంటాయి. మేం రంగులేనివే పోశాం, లోపల ఏం జరుగుతోందో కనిపిస్తుంది.

ఒక తమ్ముడు ట్యాంకులో ఐసు వేద్దామన్నాడు. ఎండాకాలం ఎవరికైనా తట్టే ఆలోచనే. నీళ్లు రూముకంటే బాగా చల్లగా అయితే ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమ్మ పట్టినట్టు బ్లాకుకు పడుతుంది, ఆ చుక్కలు కార్డు మీద జారతాయి. ఐసు వద్దు. దాని బదులు కిటికీకి ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టి వేడిగాలిని బయటికి పంపాం. రేడియేటర్ పీల్చే గాలి రెండు డిగ్రీలు తగ్గితే నీళ్లూ ఆ రెండు డిగ్రీలు తగ్గుతాయి. రూమును చూసుకోవడం కూడా సామాను ఎంచుకోవడంలో భాగమే.

కొత్తవి ఏవి, పాతవి ఏవి

పంపు, పైపు, రబ్బరు రింగులు, ప్యాడ్లు కొత్తవే. రేడియేటర్ సెకండ్ హ్యాండ్. ఊదితే గాలి ఆడుతుందా, లోపల కదులుతున్న చెత్త ఉందా, రెక్కలు నలిగాయా చూసి తీసుకున్నాం. వేడినీళ్లు పోసి ఊపి, తేటగా వచ్చేదాకా పారబోసి, ఆఖరున డిస్టిల్డ్ వాటర్‌తో కడిగాం. ఫిట్టింగుల్లో సగం పాతవి, రబ్బరు రింగులు మార్చాం.

పంపు, ట్యాంకు 13,000. రేడియేటర్ 4,000. ఫ్యాన్లు మూడు 3,000. ఫిట్టింగులు, వాల్వు 4,000. పైపు 2,000. నీళ్లు, మందు 1,500. ప్యాడ్లు, పేస్టు 1,400. సెన్సర్ 600. మొత్తం 29,500, తలా 5,900. ఇది మాకు పడిన ధర, మీ దగ్గర అటూ ఇటూ ఉండొచ్చు. రేపు కార్డు మారినా పంపు, రేడియేటర్, ఫిట్టింగులు పనికొస్తాయి, మారేది బ్లాకు ఒక్కటే. చెల్లె ఒప్పుకున్నది ఈ ఒక్క మాట మీదే.

నీళ్లు పోశాక 24 గంటలు పంపు మాత్రమే తిప్పాం. పవర్ సప్లై 24 పిన్నుల తీగకు జంపర్ ప్లగ్గు పెట్టి, బోర్డుకూ కార్డుకూ కరెంటు ఇవ్వకుండా, ప్రతి ఫిట్టింగు కింద టిష్యూ పేపర్ పరిచి. వంతులవారీగా కాపలా కాశాం. పొద్దునకు కాగితాలన్నీ పొడిగానే ఉన్నాయి.

మొన్న మే నెలలో మధ్యాహ్నం రెండు గంటల రెండర్‌లో రూము 39, నీళ్లు 51, చిప్ 64, మెమరీ 80. పెళ్లి వీడియోలన్నీ చెప్పిన తేదీకే ఇచ్చేశాం. ఆ డబ్బులో మొదట చెల్లె 5,900 చెల్లెకు తిరిగిచ్చాం.

మీ కార్డుకు గాలి కూలర్ బాగానే ఉంటే మాత్రం ఈ పని పెట్టుకోకండి. దాన్ని విప్పి దుమ్ము దులిపి, పేస్టు మార్చి, పవర్ లిమిట్ దించండి. వెయ్యి రూపాయల లోపే పని అయిపోతుంది. మాలాగా కూలర్ లేని కార్డు చేతికొచ్చినవాళ్లు, ఏళ్ల తరబడి ఒకే మిషన్ మీద బతకాల్సినవాళ్లు చేసుకోండి.

మా దగ్గర మీటరు పైపు, జంపర్ ప్లగ్గు, సగం సీసా మందు మిగిలాయి. హైదరాబాద్‌లో ఎవరైనా చేసుకుంటుంటే వచ్చి పట్టుకెళ్లండి. బిగించే రోజు పిలిస్తే మాలో ఒకరిద్దరం వస్తాం.